ముందున్న మనిషిని దాటడం

నేను నోరున్నదాన్ని. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. దోర్నపాల్ సంతలో చింతపండు తూకం దగ్గర వ్యాపారితో గొడవ పడాల్సి వస్తే మా వాడకట్టు ఆడవాళ్ళు నన్ను ముందుకు తోసేవాళ్ళు. హిందీలో దబాయించాలన్నా, గోండీలో బతిమాలాలన్నా, ఇంటికొచ్చి తెలుగులో గొప్పలు చెప్పుకోవాలన్నా ఎక్కడా తడుముకునేదాన్ని కాదు. అలాంటిదాన్ని నా మొదటి పందెంలో ముందున్న మనిషిని కాస్త జరగమని అడగలేక, ఆమె వెనకాలే మూడు కిలోమీటర్లు బుద్ధిగా పోయాను. పరుగు పందెం కూడా కాదు, స్కీ పందెం. మా సుక్మా జిల్లాలో మంచు ఫ్రిజ్జుల్లో తప్ప ఎక్కడా దొరకదు కాబట్టి, స్కీలు మాదాకా ఎలా వచ్చాయో ముందు చెప్పాలి.

నేను దోర్నపాల్ హాస్టల్లో ఉండి పన్నెండో క్లాసు చదువుతున్నప్పుడు మా స్కూలుకి కొత్త ఆటల మేడం వచ్చారు. హిమాలయాల పక్క మనిషి. భర్తకి ఇక్కడ బ్యాంకులో బదిలీ అయితే ఆయనతో పాటు వచ్చారు. వాళ్ళ సామాను దింపుతుంటే మేమంతా గోడెక్కి చూశాం. రెండు ట్రంకు పెట్టెలు, ఒక కూలరు, ప్రెషర్ కుక్కరు, ఆఖర్న ఒక పొడుగాటి గుడ్డసంచీ. ఆ సంచీలో తుపాకులున్నాయని నేనే పుట్టించాను. మా వైపు ఇలాంటి పుకారు పుట్టిస్తే చాలు, తోయక్కర్లేదు, దానంతటదే నడుస్తుంది. మర్నాటికల్లా చెక్‌పోస్టు నుంచి ఇద్దరు జవాన్లు వచ్చి సంచీ విప్పమన్నారు. లోపల రెండు జతల చక్రాల స్కీలు, నాలుగు కర్రలు ఉన్నాయి.

మూరన్నర పొడుగున సన్నటి పట్టీ, దానికి ముందొక చక్రం, వెనకొక చక్రం. బూటు వేళ్ళ దగ్గర మాత్రమే బిగుస్తుంది, మడమ లేస్తూ ఉంటుంది. చేతుల్లో చెరో పొడుగు కర్ర. మంచు లేని చోట సాధన చేయడానికి తారురోడ్డు మీద వాడే సరంజామా అది. ఇందులో కొండ మీంచి జుయ్యిమని జారిపోవడం ఉండదు. ఎగుడు, దిగుడు, చదును, ఏదొస్తే దాని మీద మన కాళ్ళూ చేతులూ పెట్టి తోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ పోవాలి. పుకారు ఎవరు పుట్టించారో మేడంకి రెండో రోజే తెలిసిపోయింది. నాకు పడ్డ శిక్ష ఏమిటంటే, స్కూలంతా చూస్తుండగా మొదట నేనే వాటిని తొడుక్కోవాలి.

పదకొండు సార్లు పడ్డాను. పన్నెండోసారి గేటు దగ్గర బయల్దేరి జెండా కర్ర దాకా పోయి, ఆగడం ఎలాగో నేర్పలేదు కాబట్టి జెండా కర్రని కావలించుకున్నాను. పిల్లలంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, నా పొట్ట మీద అరచెయ్యి పెట్టి, "అసలు ఆయాసపడటం లేదే నువ్వు," అన్నారు హిందీలో. ఆమె మాట్లాడేదంతా హిందీయే. ఇప్ప పువ్వు ఏరడానికి, చింతకాయ దులపడానికి పుట్టినప్పటి నుంచి అడవంతా తిరిగినదాన్ని, నాకు ఆయాసమేమిటి?

ఆ తర్వాత రోజూ తెల్లారగానే జగర్గుండా వైపు వేసిన కొత్త రోడ్డు మీద సాధన. తారు నున్నగా ఉండేది, బండ్లు తక్కువ. చెక్‌పోస్టు దగ్గర రోజూ అదే జవాను అదే కర్రలను అటూ ఇటూ తిప్పి చూసి పంపేవాడు. వారం పోయాక ఆ కర్రలు పట్టుకుని తనే రెండడుగులు వేసి చూసుకున్నాడు. నాకది తెగ నచ్చేసింది. గాలి చెవుల్లో కొడుతుంటే, చేను గట్ల మీద వాళ్ళు పని ఆపి నోరెళ్ళబెట్టి చూస్తుంటే, నాకంటే గొప్పది సుక్మా జిల్లాలో లేదనిపించేది.

చదువైపోయింది. మేడం మా ఇంటికొచ్చారు, నన్ను పందేలకు పంపమని అడగడానికి. మా ఇల్లు రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపల. భద్రాచలం పక్క నుంచి మా తాతల కాలంలో వచ్చి ఇక్కడ సాగు చేసుకుంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళు ఓ ఇరవై ఉంటాయి. అమ్మ, నాన్న చేలో ఉన్నారు. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉంది, మా ఇంట్లో ఏది తేల్చాలన్నా తేల్చేది ఆమే. మేడంకి తెలుగు రాదు, నాయనమ్మతో హిందీ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మధ్యలో నేను. అంతకంటే మంచి అవకాశం ఎవరికి దొరుకుతుంది?

మేడం అన్నారు, "మీ పిల్లకి గుండె బలముంది, కానీ వొళ్ళు వంగదు, చెప్పిన మాట వినదు, పొద్దున్నే లేపడానికి నా ప్రాణం పోతోంది."

నేను చెప్పాను, "నాయినమ్మా, నీ మనవరాలి లాంటి బుద్ధిమంతురాలిని ఎక్కడా చూడలేదంటున్నరు. కోడి కంటే ముందు లేస్తదంట."

నాయనమ్మ తల ఊపుతూ వింది. మేడం ఇంకా అన్నారు, "ఓడిపోతే ఏడవకుండా ఉండటం నేర్పాలి."

"గెలుసుడు ఖాయమంట," అన్నాను నేను.

అంతా విని నాయనమ్మ నోట్లో ఆకు నిమ్మళంగా ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుంది. తర్వాత మేడం వైపు తిరిగి, దోర్నపాల్ బజారు హిందీలో, ఎక్కడా తట్టుకోకుండా అంది, "తీసుకెళ్ళండి మేడం. అబద్ధాలు ఆడటం తప్ప దీనికి ఇక్కడ వేరే పని లేదు. పొద్దున లేవకపోతే నీళ్ళు కుమ్మరించండి." నలభై ఏళ్ళుగా ఆ సంతలో చింతపండు అమ్మిన మనిషికి హిందీ రాదని నేనెలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. నేనున్నప్పుడు మాట్లాడే పని నాకు వదిలేసేదంతే. ఆ రోజు నా పరువు రెండు భాషల్లో పోయింది.

ఇక ఆ మొదటి పందెం. మంచు ఉన్న చోటికి రాష్ట్రం తరఫున ఐదుగురు ఆడవాళ్ళని పంపాలని పెద్ద పట్నంలో చక్రాల స్కీల మీద పోటీ పెట్టారు. అందర్నీ ఒకేసారి వదలరు. అర నిమిషానికి ఒకరిని వదులుతారు, ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్ళు ముందు. నా ముందు బయల్దేరింది ఒక పోలీసు అక్క. నలభైకి దగ్గర్లో ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి. రెండో కిలోమీటరు దగ్గరే ఆమెను అందుకున్నాను. ఇలా అందుకున్నప్పుడు వెనక వాళ్ళు దారి అని కేకేయాలి, ముందు వాళ్ళు పక్కకి తప్పుకోవాలి. అది రూలు. నేను కేకేయలేదు. ఆమె వీపు వెనక రెండు మూరల దూరంలో సర్దుకున్నాను. ఆమె మెల్లగా పోతే మెల్లగా పోయాను. ఒకచోట ఆమె బూటు బిగించుకోవడానికి ఆగింది. నేనూ ఆగాను, కర్రలు చంకన పెట్టుకుని, ఆమె బిగించుకునేదాకా. చివర్న ఆ అక్క నా బుగ్గ గిల్లి, "ఎంత మర్యాద తెలిసిన పిల్ల!" అని మురిసిపోయింది.

ఐదో స్థానం వచ్చింది, జట్టులో ఆఖరి చోటు. పోటీకి వచ్చింది ఏడుగురం. ఆరో స్థానం ఆ అక్కది, ఏడో అమ్మాయి కాలువలో పడింది.

మేడం తిరుగు బస్సులో టిక్కెట్లు తీసుకుని నా పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత, "ఎందుకు ఆగావు?" అని ఒక్కటే అడిగారు. ఊరంతా దద్దరిల్లేలా అరిచే నా గొంతు ఆ వీపు వెనక ఎందుకు పూడుకుపోయిందో నాకూ తెలియలేదు. ఇంటికెళ్ళి మర్నాడు నాయనమ్మతో అడవికి పోతుంటే తెలిసింది.

మా అడవి దారులు ఒక మనిషి పట్టేంత వెడల్పు. వరసగా నడుస్తాం. ముందు పెద్దవాళ్ళు, వెనక చిన్నవాళ్ళు. ఇప్ప పువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు మనకంటే ముందే చెట్టు కిందికొస్తాయి, దారిలో పాములుంటాయి. అందుకని ఎవరు ముందు నడవాలన్నది మర్యాద మాత్రమే కాదు, ప్రాణం సంగతి. నాలుగేళ్ళప్పటి నుంచీ నేను చూసిన లోకంలో సగం నాయనమ్మ మడమలే. ఏడేళ్ళప్పుడొకసారి ఆమెను దాటి ముందుకు ఉరికితే చేతికర్రతో పిక్క మీద ఒకటి వడ్డించింది. దారిలో పామూ లేదు, ఎలుగూ లేదు. "లేకపోతే ఏంది? ఉంటే?" అంది. ఆ దెబ్బ నా పిక్కలో ఉండిపోయినట్టుంది. బుర్రకి రూలు తెలిసినా కాలికి తెలియదు.

ఈ మాట మేడంతో చెబితే ఆమె, "అయితే కాలికే నేర్పుదాం," అన్నారు. ఆ ఎండాకాలమంతా నా చదువు ఒకటే. రోడ్డు మీద కనిపించిన పెద్దమనిషినల్లా దారి అని కేకేసి దాటాలి. రోజుకి ఇరవై మందిని. మేడం స్కూటీ మీద వెనకొచ్చి లెక్కబెట్టేవారు.

కేకేయడం వచ్చింది గానీ దాటడం ఎక్కడ సాగుతుంది? "దారి!" అని అరిస్తే మా వైపు పెద్దవాళ్ళు తప్పుకోరు. ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి అడ్డం పెడతారు.

"ఏందమ్మా, ఎవరి బిడ్డవు?"

చెప్పాలి.

"అట్నా! మీ అమ్మ నాకు వరసకు చెల్లెలైతది. ఎటు పోతున్నవు ఇంత తొందరగ?"

"ఎటూ లేదు పెద్దమ్మా. ఉత్తగనే."

"ఉత్తగ పోయేదానికి ఇంత అరుసుడేంది? ఇట్ల కూసో. ఆ కాళ్ళకు కట్టుకున్నదేంది, చూపియ్యి."

ఒక పెద్దమ్మను దాటడానికి పావుగంట. ఒక తాత అయితే స్కీలు విప్పించి చక్రం తిప్పి చూసి, ఇది బండికి పనికొస్తుందా అని బేరమాడాడు. ఇరవై మంది అన్నది మొదటివారం నలుగురికి దిగింది. మేడం తల పట్టుకున్నారు. మెల్లగా నాకో కిటుకు తెలిసింది. దాటుతూనే జవాబులన్నీ ముందే అరిచేసేదాన్ని. "దారి పెద్దమ్మా! ఫలానా వాళ్ళ బిడ్డను, అమ్మ బాగుంది, ఎటూ పోతలేను, మళ్ళొచ్చి మాట్లాడత!" వర్షాలు పడేనాటికి ఆ రోడ్డు మీద నేను దాటని మనిషి లేడు, నా నోటికి భయపడి ముందే గట్టు దిగే ముసలాళ్ళు కూడా తయారయ్యారు. నేను మళ్ళీ పాత గొప్పల్లో పడ్డాను.

అప్పుడు మేడం అన్నారు, "మీ నాయనమ్మని దాటావా?"

బుధవారం సంతకు నాయనమ్మ తలమీద గంపతో ముందు నడుస్తోంది. నేను వెనక చక్రాల మీద. రోడ్డు ఖాళీగా ఉంది. నోరు తెరిచాను, మాట రాలేదు. చివరికెలాగో పక్కనుంచి మెల్లగా పోదామని చూస్తే, ఆమె చప్పుడు చేయకుండా ఒక అడుగు ఆ పక్కకే వేసింది. నేను ఈ పక్కకొస్తే ఆమె ఈ పక్కకు. తల మీద గంప కదల్లేదు. పైగా వేగం పెంచింది! డెబ్బై దాటిన మనిషి గంపతో, నేను చక్రాలతో, దోర్నపాల్ రోడ్డు మీద పోటీ పడ్డాం. నాకు నవ్వు, కోపం కలిసి వచ్చాయి. "నాయినమ్మా, దారియ్యి!" అని అరిచేశాను.

ఆమె ఆగింది. గంప దించి మైలురాయి మీద పెట్టింది. పిక్క దాచుకున్నాను.

"ఇన్నేండ్లకు నోరొచ్చిందా?" అంది. తర్వాత నేనెప్పుడూ వినని మాటొకటి చెప్పింది. "నాకేమన్న ధైర్యముండి ముందు నడిసిననుకున్నవా? ఆకు కదిలితే గుండె జల్లుమనేది. ఎలుగును బెదరగొట్టనీకి గట్టిగ మాట్లాడుకుంట పోయేదాన్నంటవు, అది ఎలుగు కోసం గాదు, నాకోసమే. ముందున్నోళ్ళకు ఏదో తెలుసని ఎనకున్నోళ్ళు అనుకుంటరు. నాకేం తెల్వదు బిడ్డా. ఎవరో ఒకరు ముందుండాలె, అంతే."

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. పదిహేనేళ్ళు ఆ మడమల వెనక నిశ్చింతగా నడిచాను. ఆమె వణుకుతూ నడిచిందని నాకు తెలియదు. ఆమె గంప మళ్ళీ తలకెత్తుకుని, "ఇగ పో ముందుకు. సంతల జాగ పట్టు, నేనొచ్చేదాంక ఎవర్నీ కూసోనియ్యకు," అంది. పోయాను. ఆ రోజు జాగా కోసం ముగ్గురితో గొడవపడ్డాను కూడా.

చలికాలం వచ్చేసరికి నాన్న షరతు పెట్టాడు. ఏటా సంక్రాంతి దాటాక మా ఇంటిల్లిపాదీ తెలంగాణ పక్కకి మిరప కోతకు పోతాం. రెండు చేతులు తగ్గితే ఇంటికి ఆ సంవత్సరం కష్టమే. "ఒక్కసారి పోయి రా. ఆడ నిన్ను ఉంచుకుంటే ఉండు. ఉంచుకోకపోతే నెలాఖరుకు కోతకు రావాలె. మల్ల ఈ స్కీల ముచ్చట ఎత్తొద్దు." అందులో అన్యాయమేమీ లేదు. అక్కడ జరిగే పెద్ద పందెంలో మొదటి ఆరుగురిని శిబిరంలో ఉంచుకుని, తిండి పెట్టి, చలికాలమంతా శిక్షణ ఇస్తారు. ఏడో మనిషి ఇంటికి పోవాలి. ఆరా, మిరప చేనా, నాకు మిగిలింది అదొక్కటే.

మేడం సొంతూరికి దగ్గర్లోనే ఆ పోటీ. రెండు వారాల ముందే వాళ్ళమ్మగారింట్లో దిగాం. మంచును మొదటిసారి చూసి నేను చేసిన పని, తినడం. రుచీపచీ లేదు. చక్రాల మీద రాణిలా తిరిగినదాన్ని, మంచు మీద మళ్ళీ జెండా కర్ర కోసం వెతుక్కున్నాను. మేం పాయఖానా దగ్గరికి పోయినంత మామూలుగా అక్కడి పిల్లలు స్కీల మీద పాల డబ్బా పట్టుకుని పోతున్నారు. వాళ్ళను చూసి వారం రోజులు అన్నం సయించలేదు. రెండో వారానికి గానీ కాలికి మంచు మాట అర్థం కాలేదు. అప్పుడు మాత్రం నాకు దమ్ముంది అని మళ్ళీ తెలిసింది. ఎత్తు ఎక్కేటప్పుడు వాళ్ళు రొప్పుతుంటే నేను ఇంకా మాట్లాడుతూనే ఉండేదాన్ని.

పందేనికి ముందు రోజు ఒక కొత్త సంగతి బయటపడింది. పేర్ల పట్టీలో, వాళ్ళ సొంత రాష్ట్రం తరఫున, మేడం పేరు కూడా ఉంది. నా ముందే ఉంది. అర నిమిషం ముందు ఆమె బయల్దేరతారు. "తోడుకోసం వేసుకున్నారా?" అని అడిగాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని తన స్కీల అడుగున మైనం రుద్దుతున్నారు, పెళ్ళికి ఇత్తడి తోమినంత శ్రద్ధగా. తల ఎత్తకుండానే చెప్పారు. "కాదు. పెళ్ళయ్యాక మానేశాను. ఏడేళ్ళు. వచ్చే ఏడాదికి ఈ వయసులో నన్ను తీసుకోరు. నాకూ ఆ ఆరుగురిలో ఉండాలని ఉంది. రేపు నిన్ను చూసి జాలిపడను, నువ్వూ పడకు."

అలాగే అన్నాను. ఆ మాట అన్నంత తేలిగ్గా నిద్ర రాలేదు.

పొద్దున్నే ఎండ కాసింది. దేవదారు కొమ్మల మీంచి మంచు గడ్డలు గడ్డలుగా జారి ధబ్‌మని పడుతోంది. ఐదు కిలోమీటర్ల దారి. అడవిలో పొడవునా రెండే గాళ్ళు, స్కీలు పట్టేంత. పక్కనంతా మెత్తటి మంచు, మోకాలి లోతు. మేడం బయల్దేరారు. నా వంతు వచ్చేదాకా గీత దగ్గర కర్రలతో మంచును గుచ్చుతూ నిలబడ్డాను.

మొదటి రెండు కిలోమీటర్లు ఎవరూ కనపడలేదు. మూడో దాంట్లో ఎత్తు మొదలయ్యాక, మలుపు తిరిగేసరికి నీలం స్వెటరు కనిపించింది. ఆ వీపు నాకు తెలుసు. ఏడాదిగా ఆ మనిషి చెప్పిన చోటల్లా కాలు పెట్టాను. మెల్లమెల్లగా దగ్గరయ్యాను. ఆమె ఊపిరి వినిపిస్తోంది, బండ కొట్టేవాళ్ళ ఊపిరిలా బరువుగా. నేనింకా మాట్లాడగలను. అంటే దాటగలను. కాలు మాత్రం ఆ రెండు మూరల దూరంలో సర్దుకుంది. ఎన్ని క్షణాలు పోయాయో తెలియదు. ఆమె వెనక అలాగే ఉండిపోతే హాయిగా ఉంటుందనిపించింది. ఆమెకి తెలుసు కదా, దారి ఆమెది కదా అనిపించింది.

ఆమెకేం తెలుసు? ఆమె కూడా భయపడుతూనే పోతోంది.

"జరగవే!" అని అరిచాను.

దారి అని కాదు. మేడం అని కాదు. పొలంలో పడ్డ ఎద్దుని అదిలించినట్టు అరిచాను, అదీ తెలుగులో. ఆమె ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. కుడి పక్కకి గాళ్ళలోంచి బయటికి తప్పుకున్నారు. నేను పక్కనుంచి పోయాను. వెనక ధబ్‌మని చప్పుడయింది. పొద్దున్నుంచీ వింటున్నదే, కొమ్మ మీంచి మంచు పడిందనుకున్నాను. తల తిప్పలేదు.

ఐదో స్థానం. బోర్డు మీద నా పేరు చూసుకుని, ముక్కూ మొహం తెలియని ఒకావిడని కావలించుకుని ఎగిరాను. ఈసారి పోటీకి వచ్చినవాళ్ళు ముప్ఫైమంది పైనే. కాస్సేపటికి గానీ బోర్డు కింది వరస చూడలేదు. మేడం ఏడో స్థానం. ఆరో అమ్మాయికీ ఆమెకీ మధ్య తేడా నాలుగు సెకన్లు. కావలించుకున్న ఆవిడని వదిలేశాను.

ఇంటికి నడిచి వస్తుంటే మేడం, "నువ్వు అరిచినదానికి అర్థమేమిటి?" అని అడిగారు.

"దయచేసి దారి ఇవ్వండి అని."

"ఒక్క ముక్కలో అంత మర్యాదుందా మీ భాషలో!" అన్నారు. మొహం మామూలుగానే ఉంది. నన్ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. వాళ్ళమ్మగారు వేడి టీ పోసిస్తే ఎడంచేత్తో తీసుకున్నారు. సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే, పొయ్యి దగ్గర కూర్చుని శాలువా పక్కకి తీస్తే అప్పుడు చూశాను. కుడి మణికట్టు వాచి ఉంది. గుడ్డ పట్టీ చుట్టుకున్నారు.

"ఎప్పుడు పడ్డారు?"

"నీకు దారిచ్చినప్పుడు. పక్కన మంచు మెత్తగా ఉంది, కర్ర దిగబడిపోయింది." ఏదో రోజూ జరిగే సంగతి చెప్పినట్టు చెప్పారు.

ఆ ధబ్‌మన్న చప్పుడు నా చెవిలో మళ్ళీ మోగింది. నాలుగు సెకన్లు. పడిన మనిషి మోకాలి లోతు మంచులోంచి లేవడానికి అంతకంటే ఎక్కువే పట్టి ఉంటుంది.

"మరి పిలవలేదేం? ఒక్క కేక వేసి ఉంటే..."

"వేస్తే ఆగేదానివి."

పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. ఎప్పటిలా నోటికొచ్చిందేదో అనేసి ఆమెను నవ్వించవచ్చు. అవును, ఆగేదాన్ని అంటే వినడానికి బాగుంటుంది. పోలీసు అక్క అయితే మళ్ళీ బుగ్గ గిల్లేది. కానీ ఆ ఎత్తు మీద, ఆ క్షణంలో నా కాళ్ళలో ఏముందో నాకు తెలుసు.

"ఆగేదాన్ని కాదు మేడం," అన్నాను.

అది నిజం. నిజమని తెలిసి నాకే భయమేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిడతారనుకున్నాను, లేదా బాధపడతారనుకున్నాను. ఆమె నావంక చూశారు. ఆ చూపులో సంతోషం ఉంది, ఈర్ష్య కూడా ఉంది. రెండూ దాచుకోలేదు. తర్వాత వాచిన చెయ్యి నా ముందుకు చాచి, "ఈ పట్టీ వదులైంది. కాస్త గట్టిగా కట్టు," అన్నారు.

కట్టాను. ముడి జారకుండా రెండోసారి లాగి బిగించాను.